ఎడమ పక్క లేని లోకం: స్ట్రోక్ తర్వాత ఒక కేస్ స్టడీ

పేషెంట్ వయసు 62. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. ఇంట్లోనే మిషను పెట్టుకుని పెళ్లయిన దగ్గర్నుంచీ జాకెట్లు, పరికిణీలు కుడుతున్నారు. కుడిచేతి వాటం. బీపీ ఉంది, కానీ మాత్రలు వేసుకోవడం కొన్నాళ్లుగా ఆపేశారు. ఒక రోజు పొద్దున లేచేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి, మూతి కాస్త వంకర పోయింది. ఇంట్లోవాళ్లు నీరసం అనుకున్నారు. దగ్గరలోని ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి పంపించాడు. పెద్దాసుపత్రికి చేరేసరికి మర్నాడైంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేయాలంటే మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ సమయం ఎప్పుడో దాటిపోయింది. స్కాన్‌లో మెదడు కుడి సగానికి రక్తం అందించే పెద్ద నాళం, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ, పరిధిలో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిపోయిన భాగం) కనిపించింది. కుడి పెరైటల్ లోబ్ (మెదడు పైవెనక భాగం) కింది భాగం, అది టెంపొరల్ లోబ్‌తో (చెవి దగ్గరి భాగం) కలిసే చోటు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. స్ట్రోక్ వచ్చినవాళ్లు మళ్లీ తమంతట తాము తినడం, బట్టలు కట్టుకోవడం, వంటగదిలో పని చూసుకోవడం దాకా తీసుకురావడం మా పని. ఈ రాతలో ఆవిడను పిన్నిగారు అనే అంటాను, ఎదురుగా ఉన్నప్పుడూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడా కొడుకూ రాయడానికి ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మా దగ్గరకు వచ్చేనాటికి పిన్నిగారి మాట స్పష్టంగా ఉంది. మనవళ్ల పుట్టినరోజులు, ఎవరి జాకెట్టు కొలత ఎంతో అన్నీ గుర్తున్నాయి. ఎడమ కాలు కొంత కదులుతోంది, చేతి వేళ్లలో కొద్దిపాటి కదలిక ఉంది. డాక్టరు చీటీలో ఎడమ పక్క పక్షవాతం అని ఉంది. కొడుకు చెప్పిన బాధ మాత్రం వేరు.

"అమ్మ మొండికేస్తోంది మేడం. కావాలనే చేస్తోందో ఏమో తెలియట్లేదు."

ఇంట్లోవాళ్లు చూసింది

కంచంలో కుడి వైపు అన్నం శుభ్రంగా తినేసేవారు. ఎడమ వైపు అన్నం, దాని పక్కనే వేసిన వంకాయ కూర తాకనైనా తాకేవారు కాదు. పైగా "కూర వెయ్యలేదేం?" అని కోడలి మీద కోపం. కోడలు మాట్లాడకుండా కంచాన్ని గుండ్రంగా తిప్పితే, "ఇప్పుడు తెచ్చావా" అని కూర కలుపుకునేవారు. తల దువ్వుకుంటే కుడి వైపు జుట్టు నున్నగా, ఎడమ వైపు చిక్కుపడి అలాగే ఉండేది. పైట ఎడమ భుజం మీద నుంచి జారిపోయినా తెలిసేది కాదు. నలుగురిలో అలా జరగడం ఇంట్లోవాళ్లను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే పిన్నిగారు కట్టూబొట్టూ విషయంలో చాలా పట్టింపు ఉన్న మనిషి. కొడుకు ఎడమ పక్క నిలబడి పిలిస్తే, కుడి పక్కన కూర్చున్న మనవడి వైపు చూసి జవాబు చెప్పేవారు.

గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టించారు. కోడలి మీద కసి అని ఇంకొకరు అన్నారు. కళ్ల డాక్టరు చూసి కళ్లు బాగానే ఉన్నాయన్నారు. దాంతో మొండితనం అన్న అనుమానం మరింత గట్టిపడింది.

పరీక్షల్లో తేలింది

మొదట చూడాల్సింది, ఇది చూపు లోపమా కాదా అన్నది. ఎదురుగా కూర్చుని, నా ముక్కు వైపే చూడమని, ఎడమ పక్క ఒక్క వేలు కదిపాను. కదిలిందన్నారు. కుడి పక్క కదిపినా చెప్పారు. రెండు పక్కలా ఒకేసారి కదిపితే మాత్రం కుడి వేలు ఒక్కటే కదిలిందన్నారు. మళ్లీ మళ్లీ అదే. అంటే ఎడమ పక్క నుంచి సమాచారం మెదడుకు చేరుతోంది. కుడి పక్క ఏదైనా ఉంటే దానితో పోటీలో ఓడిపోతోంది. దీన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు. మెదడు వెనక భాగం దెబ్బతిని నిజంగా సగం చూపు పోయినవాళ్లు చాలామంది కొద్ది రోజుల్లోనే తల ఎడమకు తిప్పి వెతుక్కోవడం అలవాటు చేసుకుంటారు. ఏదో పోయిందని వాళ్లకు తెలుసు. పిన్నిగారు వెతకలేదు. వెతకడానికి ఆవిడ లెక్కలో ఏదీ పోలేదు.

కాగితం మీద గీత గీసి మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి జరిపి పెట్టారు. పేజీ నిండా ఉన్న నక్షత్రాల్లో చిన్నవాటిని కొట్టేయమంటే కుడి వైపువి కొట్టేసి "అయిపోయాయి" అన్నారు. గడియారం గీయమంటే పన్నెండు అంకెలూ కుడి సగంలో ఇరికించారు. పేపరు చదవమంటే ప్రతి వరుసా మధ్యలో మొదలుపెట్టి, అర్థం కుదరక "ఈమధ్య పేపర్లు ఎలా పడితే అలా రాస్తున్నారు" అన్నారు. విడి మాటల్లో విజయవాడను "వాడ" అనీ, నెల్లూరును "ఏలూరు" అనీ చదివారు. రెండోది గమనించండి. అక్షరం వదిలేయడమే కాదు, వదిలేసిన చోట మెదడు తనకు తోచింది పెట్టి మాటను పూర్తి చేసింది.

ఎడమ చెయ్యి ఎత్తమన్నాను. "ఎత్తాను కదమ్మా" అన్నారు. చెయ్యి ఒళ్లోనే ఉంది. దాన్ని ఆవిడ కుడి పక్కకు తెచ్చి చూపించి ఎవరిదని అడిగితే, కాసేపు చూసి, "మా ఆడపడుచుది. ఇక్కడే పెట్టి వెళ్లింది" అన్నారు. ముఖంలో వెటకారం లేదు, గాభరా లేదు. పక్కనున్న కొడుకు ఏడ్చేశాడు.

మొత్తం కలిపితే ఇది ఎడమ వైపు హెమీస్పేషియల్ నెగ్లెక్ట్, అంటే చూపు ఉన్నా ఒక పక్క ధ్యాసలోకే రాకపోవడం. దానికి తోడు అనోసోగ్నోసియా, అంటే తనకు జబ్బుందన్న ఎరుకే లేకపోవడం. ఈ రెండో పేరు పెట్టింది నరాల డాక్టరు జోసెఫ్ బబిన్‌స్కీ, 1914లో. కుడి మెదడు స్ట్రోకుల్లో నెగ్లెక్ట్ అరుదు కాదు. మన దగ్గర పక్షవాతం అనగానే అందరి దృష్టీ చెయ్యి, కాలు మీదకు పోతుంది. నడక వస్తే చాలనుకుంటారు. నా అనుభవంలో మనిషి ఇంటికి వెళ్లాక పడిపోవడానికీ, కాల్చుకోవడానికీ, ఇంట్లోవాళ్లతో తగాదాలకూ కాలి నీరసం కంటే ఇదే పెద్ద కారణం.

కుడి మెదడు దెబ్బతింటే ఎడమ పక్క ఎందుకు పోతుంది

మన ధ్యాసను అటూ ఇటూ తిప్పే యంత్రాంగం మెదడు రెండు సగాల్లోనూ ఉంది కానీ సమానంగా లేదు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ప్రకారం కుడి మెదడు రెండు పక్కల మీదా కన్నేసి ఉంచుతుంది. ఎడమ మెదడు ప్రధానంగా కుడి పక్కనే చూసుకుంటుంది. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి మెదడు చాలావరకు సర్దుకొస్తుంది. కుడి మెదడు దెబ్బతింటే ఎడమ పక్కను పట్టించుకునే దిక్కు ఉండదు. రెండు సగాలూ ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటాయనీ, కుడిది బలహీనపడితే ఎడమది అదుపు లేకుండా ధ్యాసను కుడికి లాగేస్తుందనీ నరాల డాక్టరు మార్సెల్ కిన్స్‌బోర్న్ వాదించారు. నేను బెడ్ పక్కన చూసేదానికి రెండూ సరిపోతాయి. పిన్నిగారి తల, కళ్లు ఎప్పుడూ కుడికే లాగి ఉండేవి.

ఇంత చెప్పినా కొడుక్కి ఒక సందేహం మిగిలింది. "సగం లోకం కనపడకపోతే ఎవరికైనా తెలియదా మేడం?"

అతనితో చిన్న ప్రయోగం చేయించాను. చదివేవాళ్లూ చేసి చూడొచ్చు. ఎడమ కన్ను మూసుకోండి. రెండు చేతులూ ముందుకు పూర్తిగా చాపి, బొటనవేళ్లు పైకి పెట్టి పక్కపక్కన ఉంచండి. కుడి కన్నుతో ఎడమ బొటనవేలినే చూస్తూ, చూపు కదపకుండా కుడి బొటనవేలిని మెల్లగా కుడికి జరపండి. జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో ఆ వేలి కొన మాయమవుతుంది. కంటి నరం బయటికి వెళ్లే చోట రెటీనాలో (కంటి లోపలి తెరలో) కాంతిని పట్టే కణాలు లేవు. పుట్టినప్పటి నుంచీ ప్రతి కంటిలోనూ ఆ ఖాళీ ఉంది. అయినా ఎప్పుడైనా లోకంలో నల్లటి కన్నం కనిపించిందా? చుట్టూ ఉన్న గోడ రంగుతో మెదడు ఆ చోటును నింపేస్తుంది, నింపానని మనతో చెప్పదు. మనం చూసేదాంట్లో చాలా భాగం మెదడు మనకు తెలియకుండా చేసే ఊహ అని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. వాళ్లమ్మ మెదడూ అదే పని పెద్ద ఎత్తున చేస్తోందని చెప్పాను. ఖాళీ ఉంటే మనిషి దాన్ని గమనిస్తాడు. ఖాళీ అన్న లెక్కే మెదడులో లేనప్పుడు, ఉన్న సగమే పూర్తి లోకం.

అతను వేలిని చాలాసేపు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ మొండితనం అన్న మాట వాడలేదు.

కళ్లు మూసుకున్నా అదే

1978లో ఇటలీలో ఎడోవార్డో బిసియాక్, క్లాడియో లుజ్జాటి ఇలాంటి ఇద్దరు పేషెంట్లను మిలాన్ చర్చి ముందున్న మైదానాన్ని ఊహించుకోమన్నారు. మొదట చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించి చుట్టూ ఏముందో చెప్పమంటే ఎక్కువగా కుడి వైపు భవనాలే చెప్పారు. తర్వాత చర్చి మెట్ల మీద నిలబడి ఇటు తిరిగి చూస్తున్నట్టు ఊహించమంటే, ఇందాక వదిలేసినవి చెప్పి, ఇందాక చెప్పినవి చాలావరకు వదిలేశారు.

పిన్నిగారిని వాళ్ల వీధి గురించి అడిగాను. ఇంటి గుమ్మంలో నిలబడి రామాలయం వైపు నడుస్తున్నట్టు అనుకోండి, ఏమేం వస్తాయి? కిరాణా కొట్టు, పాలకేంద్రం, పంతులుగారి ఇల్లు. మూడూ కుడి వైపువే. కాసేపు వేరే మాటలు మాట్లాడి, ఇప్పుడు గుడిలో దణ్ణం పెట్టుకుని ఇంటికి వస్తున్నారు, ఏమేం వస్తాయని అడిగాను. రైసు మిల్లు, మందుల షాపు, వియ్యపురాలి ఇల్లు. పాలకేంద్రం ఊసు లేదు. కొడుకు నోరు తెరిచి చూస్తున్నాడు. అదే వీధి, అదే జ్ఞాపకం. ఎటు తిరిగి ఊహించుకుంటే అటు ఎడమ పక్క రాలిపోతోంది.

కళ్ల జబ్బు కాదని చెప్పడానికి ఇంతకంటే బలమైన రుజువు నాకు తెలియదు. బయట చూసే లోకాన్నీ లోపల తలుచుకునే లోకాన్నీ మెదడు ఒకే పద్ధతిలో కడుతోంది, ఆ పద్ధతే పాడైంది.

చేతికి తెలిసింది

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం ఇది. చికిత్సకు దారి చూపించిందీ ఇదే.

పిన్నిగారి ముందు జాకెట్టు గుడ్డ పరిచి, సుద్దతో మధ్యలో గుర్తు పెట్టమన్నాను. ఒకప్పుడు టేపు లేకుండానే కంటికొలతతో పెట్టే గుర్తు. కాగితం మీద గీతకు జరిగినట్టే ఇక్కడా సుద్ద గుర్తు కుడికి పోయింది. సరిగ్గా ఉందా అంటే "ఉంది" అన్నారు. తర్వాత బట్ట కొలిచే చెక్క స్కేలు అడ్డంగా పెట్టాను. మధ్యలో వేలు పెట్టి చూపించమంటే మళ్లీ కుడికే పోయింది. "ఇప్పుడు దాన్ని అటూ ఇటూ ఒరిగిపోకుండా మధ్యలో పట్టుకుని పైకెత్తండి" అన్నాను. కుడి చెయ్యి ముందుకు వచ్చి మధ్యకు చాలా దగ్గరగా పట్టుకుంది. స్కేలు కొంచెమే ఒరిగింది. కింద పెట్టించి, మళ్లీ వేలితో చూపించమంటే మళ్లీ కుడికి.

మెదడు మీద పరిశోధన చేసే ఇయన్ రాబర్ట్‌సన్, ఆయన సహచరులు 1995లో ఇలాంటి తేడానే నమోదు చేశారు. చూపించడానికీ పట్టుకోవడానికీ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. మెల్విన్ గుడేల్, డేవిడ్ మిల్నర్ 1991లో డి.ఎఫ్. అనే అక్షరాలతో రాసిన పేషెంటులో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఆవిడ మెదడు దెబ్బతింది. ఒక సన్నని కంత నిలువుగా ఉందా ఏటవాలుగా ఉందా చెప్పలేకపోయేది. కార్డు చేతికిచ్చి అందులో వేయమంటే చెయ్యి సరిగ్గా తిప్పి వేసేసేది.

చేతికే కాదు, ఎంపికకూ తెలుస్తుందేమో చూద్దామనుకున్నాను. 1988లో జాన్ మార్షల్, పీటర్ హాలిగన్ ఒక పేషెంటుకు రెండు ఇళ్ల బొమ్మలు చూపించారు. ఒకదానికి ఎడమ వైపు మంటలు. రెండూ ఒకటేనంది ఆవిడ. దేంట్లో ఉంటావంటే పిచ్చి ప్రశ్న అంటూనే ఎక్కువసార్లు మంటలు లేని ఇంటినే ఎంచుకుంది. నేను పిన్నిగారికి ఇంటి బదులు జాకెట్లు గీశాను. ఒకటి మామూలుది. రెండోదానికి ఎడమ వైపు చెయ్యి చిరిగి వేలాడుతోంది. పక్కపక్కన పెడితే కుడిదే తీసుకుంటారు కాబట్టి ఒకదాని కింద ఒకటి పెట్టి, పైదీ కిందదీ మారుస్తూ అడిగాను.

"రెండూ ఒకటేనమ్మా. ఒకే కటింగు."

"మీ మనవరాలికి ఏది కుడతారు?"

మామూలుదాన్నే ఎక్కువసార్లు చూపించారు. ఎందుకని అడిగితే "ఇది నిండుగా ఉంది" అన్నారు. ఇంకోసారి "దీనికి మెడ బావుంది" అన్నారు. మెడలు రెండింటికీ ఒకటే.

దీని మీద పెద్ద మేడ కట్టకూడదు. బెడ్ పక్కన ఒక మనిషితో చేసినది శాస్త్రీయ పరీక్ష కాదు. బిసియాక్ బృందం తర్వాత ఇలాంటి బొమ్మలతోనే చేసినప్పుడు కొందరు పేషెంట్లు పాడైన బొమ్మనే పదేపదే ఎంచుకున్నారు, దానికీ కారణాలు చెప్పారు. అయినా ఎరుక దాకా రాని చూపు మెదడులో ఎక్కడో నడుస్తోందనడానికి వేరే ఆధారాలున్నాయి. ఎక్స్‌టింక్షన్ ఉన్న ఒక పేషెంటును జెరైంట్ రీస్ బృందం 2000లో స్కాన్‌లో పెట్టి చూస్తే, కనపడలేదన్న బొమ్మకు కూడా దెబ్బతిన్న వైపు విజువల్ కార్టెక్స్ (మెదడులో చూపును చూసుకునే భాగం) స్పందించింది.

మనం ఇన్‌ట్యూషన్ అనేదాంట్లో కొంత ఇదేనని నా అభిప్రాయం. మెదడు ఏదో పట్టుకుంటుంది, ఎంపిక జరిగిపోతుంది, ఎరుక చివర్లో వచ్చి దొరికిన కారణం చెబుతుంది. పిన్నిగారి "మెడ బావుంది" అబద్ధం కాదు. ఆవిడకు అందిన సమాచారంతో కట్టుకున్న నిజాయితీ గల జవాబు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జవాబుల్లోనూ ఇలాంటివి ఎన్నో ఉంటాయి, వాటిని పట్టిచ్చే చిరిగిన జాకెట్టు చెయ్యి ఉండదు, అంతే.

చేసిన వైద్యం

ఇంట్లోవాళ్లకు మొదట చెప్పింది, "ఎడమ పక్క చూడు" అని రోజంతా అరవడం మానేయమని. ఎడమ అన్నదే లెక్కలో లేని మనిషికి ఆ మాట తిట్టులాగే వినిపిస్తుంది. దానికి బదులు కనిపించే ఆనవాలు కావాలి. కంచం పెట్టే బల్ల ఎడమ అంచున ఎర్ర రిబ్బను అతికించాం. పేపరుకు ఎడమ మార్జిన్‌లో ఎర్ర గీత. ఎర్రది కనబడే దాకా తల తిప్పాలి, కనబడ్డాకే మొదలుపెట్టాలి. మొదట్లో ఆవిడ వేలిని నా వేలితో పట్టుకుని ఎర్ర గీత దాకా తీసుకెళ్లేదాన్ని.

రెండోది, పని ముందు ఎడమ వేళ్లను కదపడం. వేళ్లలో కొద్దిపాటి కదలిక ఉంది కదా, ఎడమ చేతిని బల్ల ఎడమ అంచున పెట్టి, వేళ్లతో బల్లను తట్టి, అప్పుడు అన్నం కలుపుకోవడం. ఎడమ పక్కన ఎడమ చెయ్యి కదిలితే ధ్యాస కూడా అటు కొంత లాగబడుతుంది. ఇది రాబర్ట్‌సన్ బృందం చూపించిన పద్ధతి. చెయ్యి ఆడపడుచుదన్న మాట మొదటి వారాల్లోనే పోయింది. అది వైద్యం గొప్పతనం కాకపోవచ్చు, ఆ భ్రమ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

మూడోది, చేతికి తెలిసినదాన్ని వాడుకోవడం. గుడ్డను వేలితో చూపించడం ఆపించి, ఎత్తడం, మడవడం, దులపడం మొదలుపెట్టించాను. చేతికి బాగా అలవాటైన పనుల్లో ఆవిడ ఎడమ అంచు దాకా వెళ్లడం ఎక్కువగా కనిపించింది. గుడ్డ మడిచేటప్పుడు అంచు దొరక్కపోతే ఆవిడే ఆగిపోయేవారు. తనంతట తాను ఆగి వెతకడం మొదటిసారి చూసింది అక్కడే.

ప్రిజం కళ్లద్దాలు కూడా వాడాం. 1998లో ఈవ్ రొసెట్టి బృందం చూపించిన పద్ధతి ఇది. లోకాన్ని 10 డిగ్రీలు కుడికి జరిపి చూపించే అద్దాలు పెట్టి, ఎదురుగా ఉన్న గుర్తులను పదేపదే వేలితో తాకిస్తారు. చెయ్యి మొదట కుడికి తప్పి, తర్వాత సర్దుకుంటుంది. అద్దాలు తీశాక ఆ సర్దుబాటు వల్ల చెయ్యి ఎడమకు పోతుంది, నెగ్లెక్ట్ కొన్ని గంటలు తగ్గుతుంది. పిన్నిగారు ఆ మధ్యాహ్నాల్లో కంచం దాదాపు పూర్తి చేసేవారు. కానీ రోజువారీ జీవితంలో ఈ లాభం ఎంత నిలుస్తుందన్నది తేలలేదు. నెగ్లెక్ట్ వైద్యాల మీద కాక్రేన్ సమీక్షలు (జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసేవి) ఏ పద్ధతికీ గట్టి ఆధారం లేదనే అన్నాయి. ఈ అద్దాలకు వేలకు వేలు అడిగేవాళ్ల మాట నమ్మి అప్పులు చేయొద్దని కుటుంబాలకు చెబుతాను. ఎర్ర రిబ్బను ఖర్చు లేనిది.

చివరి రివ్యూ నాటికి

కంచం ఖాళీ అవుతోంది. పైట పిన్నుతో పెట్టుకుంటున్నారు, అద్దంలో రెండు భుజాలూ చూసుకోవడం అలవాటైంది. పేపరు హెడ్డింగులు పూర్తిగా చదువుతున్నారు, చిన్న అక్షరాల్లో ఇంకా జారిపోతోంది. కూర్చుని చేసే పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చాయి. ఇక్కడే జాగ్రత్త కావాలి. ప్రశాంతంగా ఉన్న గదిలో బాగా చేసిన మనిషి, అలసట, టెన్షన్ లేదా సందడి ఉన్నచోట మళ్లీ ఎడమను పోగొట్టుకుంటారు. పెళ్లింట్లో గుమ్మం ఎడమ చట్రానికి భుజం కొట్టుకుని పడబోయారని కోడలు చెప్పింది.

రోడ్డు ఒంటరిగా దాటొద్దని గట్టిగా చెప్పాను. మన దగ్గర వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు మొదటి సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి, అవి ఆవిడకు కనబడతాయి. మధ్యకు చేరాక బండ్లు ఎడమ నుంచి వస్తాయి. వెనక్కి వెళ్లలేని చోట ప్రమాదం మొదలవుతుంది. ఎవరైనా తోడు వెళ్తే ఆవిడకు ఎడమ పక్కన నడవాలి.

కత్తెర పట్టుకుని కొత్త గుడ్డ కత్తిరించడం ఇంకా వద్దన్నాను, ఒప్పుకున్నారు. కోడలు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని కటింగు చెబుతున్నారు, హెమ్మింగు పని తనే కుడి చేత్తో చేస్తున్నారు. గ్యాసు స్టవ్ ఎడమ బర్నరును మెకానిక్‌తో తీయించేశారు. బీపీ మాత్రల డబ్బా ఆవిడకు కుడి పక్క అలమరలో పెట్టించాం, మింగారో లేదో కొడుకు రాత్రి పడుకునే ముందు చూస్తున్నాడు. వచ్చే రివ్యూలో బజారుకు తీసుకెళ్లి, కూరగాయల బండ్ల మధ్య నడిపించి చూడాలి.